గేట్లు మూసే ఆమె

మా ఆటల విలన్‌కు రాసిన మాటలు మొదటిసారి విన్ననాడు నేను కూడ నవ్విన. ముందు అది ఒప్పుకోవాలె.

దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక కోచింగ్ సెంటర్ మీద మూడో అంతస్తుల మా ఆఫీసు ఉండేది. మొత్తం ఆరుగురం. యానిమేషన్ కోర్సు అయిపోంగనే నాకు ఆడ పని దొరికింది. ఆటలల్ల కనవడే మనుషులను తయారు చేసుడు నా పని. అప్పటిదాకా వేరే దేశాల కంపెనీలకు చెట్లు, బండలు, తుపాకులు చేసిచ్చేటోళ్ళం. ఆ ఏడు మొదటిసారి మా సొంత ఆట మొదలువెట్టినం. అయిదుగురు ఒక దిక్కు, అయిదుగురు ఇంకో దిక్కు ఉండి కాల్చుకునే ఆట. పాత కోట, దాని కింద ఒక ఊరు. ఎనిమిది పాత్రలు ఉంటయి. ఆడేటోళ్ళు అందుల తమకు నచ్చిన ఒకరిని ఎంచుకోవాలె. ఏడుగురు మంచోళ్ళు, ఒకడు విలన్. ఆ విలన్‌ను కంప్యూటర్ ఆడిపియ్యదు, మనిషే ఆడాలె. కష్టమంత అక్కడనే ఉన్నది. వాన్ని చూసి భయపడితే సాలదు, వాని లెక్క నేనుంటే ఎట్లుంటదో చూద్దామని కూడ అనిపియ్యాలె.

మాటలన్నీ మా టీమును నడిపే లీడ్ రాసిండు. వాళ్ళది విజయవాడ దిక్కు. వాళ్ళ నాన్న ఎప్పుడో వనస్థలిపురంల కట్టిన ఇంట్ల ఉండేటోడు. పని బాగ తెలిసిన మనిషి. ఎవ్వరి మీద గొంతు లేపంగ నేను చూడలే. ఒక సోమవారం పొద్దున అందరిని పిలిచి, ఎనిమిది పాత్రల మాటలు స్క్రీన్ మీద పెట్టిండు. ఏడుగురు పుస్తకంల ఉన్నట్టు మాట్లాడుతున్నరు. విలన్ వంతు రాంగనే ఆయన గొంతు మార్చి చదివిండు.

"ఏందిర బై, గీడికెందుకొచ్చినవ్? ఒక్కటి తంతె మూసీల పడ్తవ్."

అందరం నవ్వినం.

అప్పుడు తెలంగాణ కావాల్నని సకల జనుల సమ్మె నడుస్తున్నది. బస్సులు లేవు. ఆటోలు దొరికితే దొరికినట్టు, లేకుంటే లేదు. ఆ సాయంత్రం ఎల్‌బీ నగర్‌ల ఉన్న మా ఇంటికి నడుసుకుంట పోయిన. కొత్తపేట కాడ రోడ్డు పక్క సమ్మె టెంటు ఏసిన్రు. ఒక టీచరమ్మ మైకు పట్టుకొని మాట్లాడుతున్నది. ఎన్ని ఉద్యోగాలు మనకు రావాలె, ఎన్ని వచ్చినయి, ఆ సంగతే. పెద్దగ ఏం అరుస్తలేదు. "గిట్లెందుకైంది? ఏందీ లెక్క?" అని అడుగుతున్నది. ముందు కూసున్నోళ్ళు కదలకుంట ఇంటున్నరు.

అదే యాసకు పొద్దున నేను నవ్వి వచ్చిన. ఆడ నిలవడితే నాకు సిగ్గయింది. ఇంటికి పోయేదాక ఒకటే అనుకున్న, రేపు ఆయనతోని మాట్లాడాలె.

తెల్లారి లీడ్ ఒక్కడే ఉన్నప్పుడు పోయి ఆయన ముందు కూసున్న.

"సార్, విలన్ మాటలు మార్చాలె."

"ఏం, బాలేదా?"

"ఎనిమిది మందిల ఒక్కడే మా లెక్క మాట్లాడుతుండు సార్. ఆ ఒక్కడు విలన్."

ఆయన మొఖం మారింది. "నేను వెక్కిరించాలని రాయలేదమ్మా. కొంచెం మాస్‌గా ఉంటుందని రాశాను, అంతే."

"మీరు అట్ల రాయరని నాకు తెలుసు."

"సినిమాల్లో విని విని అలవాటైపోయింది" అన్నడు.

"మాకు గూడ అలవాటైంది సార్. నిన్న నేను గూడ నవ్విన."

ఆయన చాయ్ కప్పు పక్కకు జరిపి అన్నడు, "అయితే విలన్‌ని నువ్వే తీసుకో. ఆకారం, శక్తి, మాటలు అన్నీ నువ్వే చెయ్యి. రెండు వారాలు. ఆడేవాళ్ళు వాణ్ణి ఎంచుకుంటే ఉంచుదాం. లేకపోతే ఆ పాత్రే తీసేసి ఏడుగురితో వదులుదాం."

"సరే సార్" అన్న.

మొదటి వారం తిండి తినుడు గూడ మర్చిపోయి పనిచేసిన. నా విలన్ కోట కాపలాదారు. ఏడ కావాల్నంటే ఆడ ఇనుప గేటు దింపి దారి మూసేస్తడు. ఇనుప టోపీ, నల్ల బట్టలు, ఆరడుగుల మనిషి. మాటలు మాత్రం మిగిలిన ఏడుగురి లెక్కనే పుస్తకం భాషల రాసిన. ఎవ్వరు వేలెత్తి చూపకుంట ఉండాలని అట్ల రాసిన. మా దగ్గర కోడ్ రాసే అన్నది నల్లగొండ. ఆయన మూడు దినాలల్ల గేట్లు పడేటట్టు చేసిచ్చిండు. "మంచిగనే వచ్చింది చెల్లె, కానీ ఆడేటోళ్ళు ఏమంటరో చూడాలె" అన్నడు.

సమ్మెల కాలేజీలు బందున్నయి. పక్క గల్లీ హాస్టళ్ళల్ల ఉండే ఇంజనీరింగ్ పిల్లలు పదిమందిని పిలిచి ఆడమన్నం. పొద్దటికెల్లి మధ్యాహ్నం దాక ఆడిన్రు. నా విలన్‌ను ఇద్దరే తీసుకున్నరు. రెండోసారి వాళ్ళు గూడ తీసుకోలే. వాడు నలుగురిని ఒక సందుల పెట్టి గేటు దింపితే, ఆ నలుగురు మౌస్ ఇడిసిపెట్టి కుర్చీలకు ఒరిగి కూసున్నరు. చేసేదేం లేదు మరి.

వాళ్ళల్ల ఒక సూర్యాపేట పిల్లను అడిగిన. "ఎట్లున్నడు?"

"ఏం చెప్పాలె అక్కా. గీనితోని ఆడుతుంటే బంద్‌నాడు బస్టాండుల కూసున్నట్టున్నది. ఇగ మాట్లాడితే వార్తలు చదివినట్టున్నది."

అందరు నవ్విన్రు. లీడ్ మాత్రం నవ్వలే. "ఇంకా వారం ఉంది" అన్నడు. అన్నీ నోట్‌బుక్కుల రాసుకున్న. దూరంకెల్లి గుర్తువడ్తలేడు. గేటు ఎప్పుడు పడ్తదో తెలుస్తలేదు. పడినంక తప్పించుకునే దారి లేదు. మాటలల్ల పానం లేదు.

మా నాయిన దిల్‌సుఖ్‌నగర్‌లనే ఒక చీరల షాపుల పనిచేసేటోడు. పోచంపల్లి దిక్కు మా ఊర్ల పదిహేనేండ్లు మగ్గం నేసి, తర్వాత పట్నం వచ్చిండు. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి నడుసుకుంట పోదామని షాపుకు పోయిన. బేరాలు లేవు. ఒక్క తల్లీబిడ్డ వచ్చి నిలవడితే, నాయిన తెల్ల పరుపు మీద చీరలు ఒకదాని మీద ఒకటి పరుస్తున్నడు. వాళ్ళు పోయినంక అడిగిన, వాళ్ళు ఏది తీసుకుంటరో నీకు ముందే తెలుస్తదా అని.

"కూసోకముందే తెలుస్తది" అన్నడు. "మెట్ల కాడ నిలవడి ఒకపారి అన్నిటి దిక్కు చూస్తరు. ఆడికెల్లి కంట్ల పడ్డదే ముందు తియ్యమంటరు. దగ్గరికొచ్చినంకనే అంచు చూస్తరు, పోగు చూస్తరు."

నేను చేసిన విలన్‌ను మెట్ల కాడికెల్లి చూస్తే మిగిలినోళ్ళల్ల కలిసిపోతడు. ఎనిమిది మందిల ఆరుగురు ఆరడుగులోళ్ళే.

రెండు దినాలకు రోడ్లన్నీ బంద్ పెట్టిన్రు. ఆఫీసుకు పోతుంటే చైతన్యపురి కాడ పోలీసులు రోడ్డుకు అడ్డం ఇనుప బారికేడ్లు పెట్టి నిలవడ్డరు. ఒక పెద్ద మనిషి కానిస్టేబుల్ నన్ను చూసి, "ఇటు లేదమ్మా. గా మిల్క్ సెంటర్ పక్క గల్లీకెల్లి పో" అన్నడు. ఆ గల్లీల పడి పోతుంటే నా ముందు, నా ఎనక అందరు అదే తొవ్వల వస్తున్నరు. ఆ కానిస్టేబుల్ మమ్మల్ని ఆపలే. ఎటు పోవాల్నో ఆయన చెప్పిండు, మేం పోయినం. ఎవరన్న కావాల్నని ఆ గల్లీ చివర నిలవడితే, అందరం పోయి వాళ్ళ చేతులనే పడ్తుంటిమి.

ఆఫీసుకు పోంగనే కోడ్ రాసే అన్న పక్కన కూసున్న.

"అన్నా, గేటు దింపితే ఇంకో దారి తప్పకుంట తెరుసుకోవాలె. అది ఏ దారో విలన్‌కు తెలుసు. ఆడ కాసుకొని కూసుంటది."

"కూసుంటదా? ఆడమనిషా?"

"అవునన్నా." ఆ మాట నా నోట్లకెల్లి వచ్చేదాక నాకు గూడ తెల్వదు.

ఆ దినం ఇనుప టోపీ, నల్ల బట్టలు అన్నీ తీసేసిన. యాభై ఏండ్ల ఆడమనిషి. పొట్టిగ, ఎడల్పుగ, కొంగు నడుముకు బిగించి, భుజం మీద పెద్ద తాళపుచేతుల గుత్తి. కోటకు అటు చివర నిలవడినా ఎవరో తెలుస్తది. గేటు పడే ముందు తాళాలు మూడుసార్లు మోగుతయి. చెవి పెట్టినోడు తప్పించుకుంటడు, పెట్టనోడు దొరుకుతడు. కోట దొరలు పారిపోతే ఆమె ఒక్కతే గేట్ల కాడ మిగిలింది. లోపటోళ్ళు బయటికి పోవద్దు, బయటోళ్ళు లోపటికి రావద్దు. ఆమెకు తెలిసిన పని అదొక్కటే.

మాటలు రాయ కూసున్న. అవి నా భాషల వచ్చినయి. "గీ తొవ్వ లేదు బిడ్డా. గా దిక్కు పో." రాసినంక కలం ఆగింది. నేను వద్దని కొట్లాడిందే నేను రాసిన. కొట్టేసి పుస్తకం భాషల రాస్తే మల్ల వార్తల లెక్కనే ఉన్నది. నాలుగు పేజీలు చింపిన. చాలాసేపటికి అర్థమైంది, ఆమె మాట్లాడుడు తప్పు కాదు, ఆమె ఒక్కతే మాట్లాడుడు తప్పు.

పోయి లీడ్‌కు చెప్పిన. "విలన్ మా భాషలనే మాట్లాడ్తది సార్. కానీ మంచోళ్ళల్ల డాక్టరమ్మ, కెప్టెన్ గూడ అట్లనే మాట్లాడాలె."

"వాళ్ళిద్దరివీ రికార్డింగ్ అయిపోయిందమ్మా."

"డాక్టరమ్మకు డబ్బింగ్ నేను చెప్త. ఆదివారాలు వస్త."

"కెప్టెన్‌కి?"

కోడ్ రాసే అన్న తన కుర్చీలకెల్లే, "కెప్టెన్‌కు నేను చెప్త సార్. ఫైళ్ళు మార్చుడు పెద్ద పనేం కాదు" అన్నడు.

లీడ్ కిటికీ దిక్కు చూసిండు. బయట ఊరేగింపు పోతున్నది, డప్పులు ఇనవడ్తున్నయి. ఆ దినాలల్ల ఆయన ఇంట్ల ఏం మాట్లాడుకునేటోళ్ళో, ఎంత పరేషాన్ ఉండెనో నాకు తెల్వదు. ఎన్నడు అడగలే. చివరికి, "డాక్టర్‌ని మార్చుదాం. కెప్టెన్‌ని కదపొద్దు, వాడు అందరికీ నచ్చాడు" అన్నడు.

"కెప్టెన్ సంగతి మల్ల అడుగుత సార్."

"అడుగు" అన్నడు. నవ్విండు గూడ.

విలన్‌కు నా గొంతు పనికి రాలే. చిన్నపిల్ల గొంతు. మా అమ్మ ఇంట్ల చీరలకు ఫాల్ కుట్టేది, పీకో చేసేది. ఆమెను అడిగితే మిషన్ ఆపి నా దిక్కు చూసింది.

"నేనెందుకే? మంచిగ మాట్లాడేటోళ్ళను ఎవరినన్న తెచ్చుకోండ్రి."

"నువ్వు మంచిగనే మాట్లాడ్తవమ్మా."

"నాది మోటు మాట. టీవీలల్ల మాట్లాడేటోళ్ళు ఉంటరు గదా."

ఆమె సిగ్గుపడి అన్లే. ఊర్కనే, బియ్యం అయిపోయినయన్నట్టు చెప్పింది. లీడ్ రాసిన మాటలకు రానంత కోపం నాకు అప్పుడొచ్చింది. ఆమె మీద కాదు. ఎవరి మీదనో చెప్పలేను. మైకు తెచ్చి మిషన్ పక్కన పెట్టిన.

బొగ్గు గనులు గూడ సమ్మెల ఉండె, మధ్యాహ్నం కరెంటు పోయేది. ఫ్యాన్లు, టీవీలు అన్నీ ఆగి గల్లీ అంత సప్పుడు లేకుంట అయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద రికార్డు పెట్టిన. అమ్మ కాయితం చదివి అడిగింది, "ఈమె చెడ్డదా?"

"చెడ్డదే."

"చెడ్డదని ఆమెకు ఎరికేనా?"

"లేదు. తన పని తను చేస్తున్న అనుకుంటది."

"అయితే కోపంగ అనొద్దు" అని కళ్ళద్దాలు సర్దుకున్నది. "గీ తొవ్వ లేదు బిడ్డా. గా దిక్కు పో." దారి తప్పిన పిల్లకు చెప్పినట్టు చెప్పింది.

రెండు వారాలు నిండిననాడు అదే పదిమంది వచ్చిన్రు. మొదటి ఆటల ఒకడు గల్లీల ఉరుకుతుంటే తాళాలు మూడుసార్లు మోగినయి, మా అమ్మ గొంతు ఇనవడింది. ఎవ్వరు నవ్వలే. రెండో ఆట కాడికెల్లి ఆమెను ఎవరు తీసుకోవాల్నని రెండు జట్లల్ల లొల్లి మొదలైంది. ఆ సూర్యాపేట పిల్ల ఎవ్వరికి ఇయ్యలే. గేటు దింపుడు, గల్లీ చివర కాసుడు, దొరికినోన్ని దొరికినట్టు కొట్టుడు. డాక్టరమ్మ "ఏం కాలే, జర ఓర్సుకో" అంటుంటే గూడ అందరు నవ్వకుంట ఇన్నరు. లీడ్ ఎనక నిలవడి అంతా చూసి, పోతపోత నా టేబుల్ కాడ ఆగి, "ఉంటుంది" అన్నడు. ఒక్కటే మాట.

ఆట బయటికొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట నెట్ సెంటర్లల్ల కొన్నాళ్ళు ఆడిన్రు. పెద్దగ నడవలే. ఏడాదిన్నరకు ఆఫీసు మూసేసినం, ఎవరి తొవ్వ వాళ్ళం పోయినం. కెప్టెన్ సంగతి నేను మూడుసార్లు అడిగిన. మూడోసారికి మార్చిన్రు.

ఆఫీసు ఇంక ఉన్నప్పుడే ఒక ఆదివారం అమ్మను తీసుకపోయి ఆట చూపిచ్చిన. చేతులు కట్టుకొని స్క్రీన్ ముందు నిలవడ్డది. తన గొంతు ఇని మొదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. తర్వాత దగ్గరికి జరిగి, కళ్ళు చిన్నగ చేసి చూసింది.

"ఆమెకు దెబ్బలు తాకుతున్నయి గదా. మరి అరుస్తలేదేంది?"

నేను, కోడ్ రాసే అన్న ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. మిగిలిన ఏడుగురికి అరుపులు పెట్టినం, ఈమెకు పెట్టుడు మర్చిపోయినం. లీడ్ లేచి వచ్చి అమ్మకు కుర్చీ ఏసి, మైకు ఆమె ముందటికి జరిపిండు.

"చిన్న దెబ్బనా, పెద్ద దెబ్బనా సారూ?" అని అడిగింది అమ్మ.

"మూడు రకాలు కావాలండీ" అన్నడాయన. "మీ ఇష్టం, దేంతోనైనా మొదలుపెట్టండి."