జబ్బని రాయమన్న ఏడాది

మా అక్క ఆ ఉత్తరాన్ని సార్ మొహాన కొట్టలేదు. ఈ సంగతి ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని దినాల భోజనాల దగ్గర చెప్పానో నాకే గుర్తులేదు. అందరూ తలూపుతారు, మళ్ళీ నలుగురు చేరగానే కొట్టిందనే చెప్పుకుంటారు. మొన్న మా తమ్ముడి కూతురు పరిశోధనలో చేరడానికి దరఖాస్తు రాసుకుంటూ, "అత్తా, నడుమ ఒక ఏడాది చదువు ఆగింది గదా, దానికి కారణం ఏం రాయాలె?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా తమ్ముడు పేపరు వెనకనుంచి, "జ్వరమొచ్చిందని రాసెయ్ బిడ్డా. మీ పెద్దత్త లెక్క సార్ మొహాన ఉత్తరం కొట్టొచ్చి ఇంట్ల కూసుంటవా ఏంది?" అన్నాడు. ఆ రోజు వాడు ఆ గదిలో లేడు, జనగామ వీధిలో గోలీలాడుకుంటున్నాడు. గదిలో ఉన్నది నేను. చూసినవాళ్ళకంటే చూడనివాళ్ళకే అంతా బాగా గుర్తుండటం మా ఇంటి ప్రత్యేకత.

అక్క వరంగల్‌లో హాస్టల్లో ఉండి బియస్సీ చదివేది. ఆమెకు మొక్కల శాస్త్రమంటే పిచ్చి. అరవైతొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం లేచి కాలేజీలు మూతబడితే, రేకుపెట్టె పట్టుకుని జనగామకు వచ్చేసింది. వచ్చి ఊరికే ఉందా? ఊరేగింపులో స్టేషను దాకా నడిచి వచ్చింది. అది చూసినవాళ్ళు ఆమెకంటే ముందే ఇంటికొచ్చి బాపుకు చెప్పారు. వారం తిరక్కముందే బాపు ఆమెను భూపాలపల్లిలో అటవీశాఖలో పనిచేసే మా మేనమామ ఇంటికి పంపించాడు. ఆయన దృష్టిలో అది శిక్ష. అక్కకు మాత్రం అంతకంటే మంచి కాలేజీ దొరకలేదు. పొద్దున్నే మామ వెంట అడవిలోకి పోయేది, కొంగునిండా ఆకులు, పూలు, కాయలు తెచ్చేది, వాటిని పాత పేపర్ల మధ్య పరిచి సన్నెకల్లు కింద అదిమిపెట్టేది. "పచ్చడి నూరుకుందామంటె నీ ఆకులు లేవంగనే లేవు గదనే, మీ మామకు గవ్వే వండి పెట్టాల్నా?" అని అత్త రోజూ ఒక పాట పాడేదట. ఆ పేపర్లలో లాఠీచార్జీల వార్తలు, మూసిన కాలేజీల వార్తలు ఉండేవి. వాటిమీద ఆకుపసరు మరకలు పడి అక్షరాలు పచ్చబడ్డాయి. కాలేజీలు తెరిచేసరికి అక్క దగ్గర పెద్ద కట్ట తయారైంది. ఏడాది మాత్రం పోయింది.

డిగ్రీ పూర్తయ్యాక, ఆమెకు పాఠం చెప్పిన సార్ ఉత్తరాదిలో ఒక విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టమన్నారు. అక్కడ మార్కులొక్కటే సరిపోవట. ఎందుకు చదవాలనుకుంటున్నావో నీ గురించి నువ్వే ఒక పేజీ రాయాలి, చదువు మధ్యలో ఆగితే కారణం చెప్పాలి, చదువు చెప్పినవాళ్ళు ఇద్దరు నీ గురించి ఉత్తరాలు రాయాలి. మా ఇంట్లో ఇలాంటి కాగితం అంతకుముందు ఎవరూ చూడలేదు. బాపు ఊళ్ళో అందరికీ తహశీలుకు అర్జీలు రాసిపెట్టేవాడు, కనుక ఇదీ అర్జీయే అనుకుని కుర్చీలో నిటారుగా కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. "మేము వ్యవసాయదారులము. వానలు లేవు, బావిలో నీళ్ళు లేవు. తమరు దయతో విచారించి..."

"బాపూ, వాళ్ళు నాకు బావి తవ్విస్తరా? నాకేం వచ్చో చెప్పమంటున్నరు" అంది అక్క.

"అడిగేటోడు తన గొప్ప తను చెప్పుకుంటడా బిడ్డా? కష్టం చెప్పుకుంటడు. గప్పుడే పెద్దోళ్ళ మనసు కరుగుతది."

చివరికి అక్క ఆయన మాట వినకుండా తనే రాసుకుంది. అందులో నాకు నచ్చింది ఒక్క పేరా: కాలేజీలు మూసిన ఏడాది తను భూపాలపల్లి అడవుల్లో ఏయే మొక్కలు చూసిందో, ఒకే చెట్టు వాగు ఒడ్డున ఒకలా, గుట్టమీద ఒకలా ఎందుకుందో తెలుసుకోవాలని ఎందుకనిపించిందో అందులో ఉంది. బాపుకు తెలుగులో చదివి వినిపిస్తే, "అడవిల తిరిగిన ముచ్చట గూడ రాస్తరా?" అన్నాడు గానీ, మళ్ళీ చదవమన్నాడు.

ఒక ఉత్తరం ప్రిన్సిపాల్ ఇచ్చారు. రెండోది సార్ ఇవ్వాలి. ఆయన అప్పటికి బదిలీ మీద మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో ఉన్నారు. అక్కణ్ణుంచి కార్డు రాశారు: చదువు ఆగినదానికి కారణం అనారోగ్యమని తను రాస్తున్నారట, అక్క కూడా అలాగే రాయాలట. బాపు సరేనన్నాడు. ఒప్పుకోనిది అవ్వ, అంటే బాపు వాళ్ళమ్మ.

"పెండ్లి గావాల్సిన పిల్లకు రోగమని కాగితం మీద రాసి దేశమంత తిప్పుతవారా? రేపు సంబంధమొచ్చినోడు ఏం రోగమంటె ఏమని చెప్తవు?"

"ఇంగ్లీషుల రాస్తరే అవ్వా. మనూళ్ళె ఎవడు సదువుతడు?"

"ఇంగ్లీషుల రాసేటంత రోగమా? ఇగ అయినట్టే!"

మర్నాడు పొద్దున్నే అక్క నన్ను వెంటబెట్టుకుని బండెక్కింది. కాజీపేటలో దిగి డోర్నకల్ పోయే బండి పట్టుకుని మానుకోట చేరాం. సార్ ఇల్లు స్టేషను వెనకే. బండి పోయినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. సార్ కృష్ణా జిల్లా మనిషి, మాట మెత్తన. తను రాసిపెట్టిన ఉత్తరం అక్క చేతికిచ్చి, అక్క రాసింది పెన్సిలు పట్టుకుని చదివారు. భూపాలపల్లి పేరా దగ్గర చాలాసేపు ఆగారు.

"ఇది చాలా బాగా రాశావమ్మా. దీన్ని తీసెయ్యాలి."

"ఎందుకు సార్?"

"నేను అనారోగ్యమని రాశాను కదా. రెండూ పొసగవు."

నేను ఊరుకోలేదు. "జబ్బుపడ్డ పిల్ల అడవిల ఎట్ల తిరిగిందని అడుగుతరనే గద సార్? అయితె తీసెయ్యాల్సింది జబ్బునే."

ఆయన నావైపు చూసి నవ్వారు. కోపగించుకుని ఉంటే నాకింకా సులువయ్యేది. "ఉద్యమమంటే అక్కడివాళ్ళు జంకుతారమ్మా. గొడవలు చేసే పిల్ల అనుకుంటారు. ఆ సీటు మీ అక్కకు రావాలనే ఇలా రాశాను."

"ఉద్యమమని రాయకుండ్రి సార్" అంది అక్క. "కాలేజీ మూసిన్రని రాయిండ్రి. అది మీకు గూడ ఎరికే గదా."

"ఎందుకు మూశారని అడుగుతారు."

"అడిగితె నేను చెప్త."

"చెప్పేది నువ్వు. కింద సంతకం నాది."

సార్ భార్య కాఫీ గ్లాసులు తెచ్చి పెట్టింది. లోపలికి పోకుండా గుమ్మంలోనే నిలబడింది. సార్ ఆమెవైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "ఆ నెలల్లో నేనూ కాగితం మీద జబ్బుమనిషినేనమ్మా. మా ఇంటిమీద రాళ్ళు పడ్డ మర్నాడు వీళ్ళను తీసుకుని మా ఊరెళ్ళిపోయాను. సెలవుచీటీలో రాళ్ళని రాయగలనా? డాక్టరు సర్టిఫికెట్ పెట్టాను. పైవాళ్ళెవరూ మారు అడగలేదు."

అక్క ఊరేగింపులో నడిచింది, ఆయన ఇంటిమీద రాళ్ళు పడ్డాయి. రెండూ ఆ ఏడాదివే. "రాళ్ళు పడ్డయని నాకు తెల్వదు సార్" అంది. ఆయనిచ్చిన ఉత్తరం చేతిలోనే పట్టుకుని, "మీకు జబ్బు అక్కరకొచ్చింది. నాకు ఆ ఏడాదే అక్కరకొచ్చింది సార్. దాన్నెట్ల కొట్టెయ్యమంటరు?" అంది. ఉత్తరాన్ని మడతలమీదే మడిచి బల్లమీద పెట్టింది. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా సార్ కళ్ళద్దాల పెట్టెను దానిమీద ఉంచింది. ఇద్దరికీ దండం పెట్టింది. మొహాన కొట్టడమంటే ఇదేనట మావాళ్ళకు.

కాజీపేట దాకా నేను బండిలో వాదిస్తూనే వచ్చాను, పక్కన కూర్చున్నవాళ్ళు కూడా వినేంతగా. "జర ఊకోవే" అని అక్క కిటికీవైపు తిరిగింది.

ఒక్క ఉత్తరంతోనే దరఖాస్తు పంపింది, భూపాలపల్లి పేరా ఉంచి. కొన్నాళ్ళకు అచ్చువేసిన కార్డు వచ్చింది: దరఖాస్తు అసంపూర్ణం, పరిశీలించలేం. అక్క బీయీడీ చేసి స్టేషన్ ఘన్‌పూర్‌లో బడి పంతులమ్మ అయింది. పెళ్ళయింది, పిల్లలయ్యారు. ఇదే పని మా తమ్ముడు చేసి ఉంటే పౌరుషమనేవాళ్ళు. అక్క చేసింది గనుక పొగరన్నారు.

ఎనభైల్లో ఒకసారి సార్ పరీక్ష పేపర్లు దిద్దే పనిమీద జనగామ వచ్చి, అడ్రసు కనుక్కుని ఇంటికొచ్చారు. అక్క, నేను ఇద్దరం పుట్టింట్లోనే ఉన్నాం. అక్క సర్వపిండి చేసి పెట్టింది. "ఆ మొక్కల కట్ట ఉందా అమ్మా?" అని అడిగారు. "ఉన్నది సార్, కొన్నిటికి పురుగు పట్టింది." ఆయన కింద చాపమీద కూర్చుని పొద్దుగుంకేదాకా ఒక్కొక్క ఆకూ చూశారు. పేరు చెప్పమని అక్కను అడగడం, చెప్పగానే తలూపడం. ఉత్తరం మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తబోతే అక్క కళ్ళతోనే ఆపింది. జీవితంలో నేను మాట మింగిన సందర్భాలు తక్కువ. అందులో అదొకటి.

ఇప్పుడు సార్ లేరు. ఇన్నేళ్ళు గడిచాక నా కోపం కూడా మెత్తబడింది. ఇంటిమీద రాళ్ళు పడ్డ మనిషి భయం ఎలాంటిదో నేనూ సంసారం చేశాక తెలిసింది. ఆయన అక్కకు కీడు తలపెట్టలేదు, తనను కాపాడినదాన్నే ఆమెకూ ఇవ్వబోయారు. అయినా ఒక్కటి మాత్రం కాలమెంత గడిచినా నాకు తేలలేదు. జరిగింది జరిగినట్టు రాసినందుకు ఆ దూరపు ఆఫీసు అక్కను కాదనలేదు. రెండు సంతకాలతో అలాంటి కాగితం వాళ్ళ బల్లమీదికి చేరనేలేదు. మరి వాళ్ళు ఒప్పుకోరని సార్‌కు ఎవరు చెప్పారు?