ఇరవైమూడు ఏ నాదండీ

విమానాశ్రయంలో ఆమెను అందరూ సుడిగాలి అని పిలిచేవారు. విమానం వచ్చి ఆగి, అందులోవాళ్లు దిగిపోయాక, కొత్తవాళ్లు ఎక్కేలోపు దొరికే ఇరవై నిమిషాల్లో లోపలంతా శుభ్రం చేసే అయిదుగురి జట్టులో ఆమె ఒకతె. వెనక మెట్ల మీదుగా ఎక్కడం, సీటు జేబుల్లోంచి చెత్త లాగడం, బల్లలూ కిటికీలూ తుడవడం, బెల్టులు సర్ది పెట్టడం, మళ్లీ ఆ వెనక మెట్ల మీదుగానే దిగిపోవడం. పద్నాలుగేళ్లుగా ఇదే పని. మిగతావాళ్లు ఒక వరస పూర్తిచేసేలోపు ఆమె రెండు వరసలు ఊడ్చిపారేసేది. సీటు సందుల్లో దొరికినవాటి గురించి చెప్పడం మొదలుపెడితే ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు. కట్టుడు పళ్లు, ఒంటి చెప్పు, ఎవరిదో పెళ్లి ఉంగరం, ఒకసారైతే అగ్గిపెట్టెంత తాబేలు పిల్ల, అదీ ప్రాణంతో.

ఇన్ని విమానాలు ఎక్కి దిగిన మనిషి ఒక్కసారి కూడా గాల్లోకి లేవలేదు. కిటికీ అద్దం తుడిచిన ప్రతిసారీ అవతల కనిపించేది సిమెంటు నేల, సామాన్ల బండి, అంతే.

అలాంటిది, నలభై నాలుగేళ్ల చెల్లెలు ఉన్నట్టుండి ఫోన్ చేసి పెళ్లి చేసుకుంటున్నానంది. చెల్లెలు దూరాన ఇంకో నగరంలో పిల్లలకు ఈత నేర్పేది. పెళ్లికొడుకు కళ్లజోళ్ల షాపాయన. రిజిస్ట్రారు ఆఫీసులో గురువారం పన్నెండున్నరకు సంతకాలు. రైల్లో వెళ్లాలంటే ఒకటిన్నర రోజు పడుతుంది, సుడిగాలికి దొరికిన సెలవు చూస్తే మూడు రోజులే.

"రైలూ గీలూ వద్దక్కా, నీకు విమానం టికెట్ తీస్తున్నా" అంది చెల్లెలు. "సీట్ల బొమ్మ చూపిస్తోంది. ఏది నొక్కను?"

సుడిగాలి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "పదో వరస వద్దు, అక్కడ కిటికీయే ఉండదు, వట్టి గోడ. పన్నెండు నుంచి ఇరవై దాకా రెక్క అడ్డం. ఇరవైమూడు ఏ నొక్కు. పొద్దుటిపూట మొహాన ఎండ కొట్టదు."

"ఎక్కనేలేదు కదా, నీకెలా తెలుసే?"

"తుడిచాను కదే!"

కిటికీ సీటుకి డబ్బులు ఎక్కువట. చెల్లెలు అదేం పట్టించుకోకుండా నొక్కేసి, "అది నీదే, ఎవరైనా అడిగినా ఇవ్వకు, నీ సంగతి నాకు తెలుసు" అని మరీ మరీ చెప్పింది.

సుడిగాలి భర్త మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేస్తాడు. ఫ్యాను బిగించడానికి కూడా నిచ్చెన మూడో మెట్టు దాటడు, ఆ పైమెట్ల పని పక్కింటివాళ్లకి అప్పగిస్తాడు. "నన్ను మాత్రం పిలవకు. నేను రైల్లో ముందే వెళ్లి మీ చెల్లెలికి కుర్చీలవీ సర్దిపెడతాను. నువ్వు పైనుంచి చూసొచ్చి చెప్పు" అని మంగళవారమే బయల్దేరిపోయాడు.

గురువారం నాడు తెల్లారకముందే లేచి కూర్చుంది సుడిగాలి. ఎనిమిదిన్నర విమానానికి అయిదున్నరకే వెళ్లి నిలబడింది. ప్రయాణికుల గేటు దగ్గర రోజూ పలకరించే సెక్యూరిటీ అతను నోరు తెరిచాడు.

"ఏంటక్కా, ఇవాళ ఇటొచ్చావ్?"

"ఇవాళ ప్యాసింజర్ని తమ్ముడూ!" అంటూ టికెట్ ఆడించింది.

అతను వెంటనే నిటారుగా నిలబడి, "అయితే కార్డు చూపించండి మేడమ్" అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఇంతలో జట్టులోని అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నీ విమానం మేమే చేశాం. నీ కిటికీ రెండుసార్లు తుడిచాం. ఒక్క మరక కనిపించినా నీ పాత మాప్‌తో నన్ను కొట్టు."

లోపలికి అడుగుపెట్టగానే ఆమెకి ఒళ్లు ఝల్లుమంది. పద్నాలుగేళ్లలో ముందు తలుపు గుండా ఎక్కడం ఇదే మొదలు. తలుపు దగ్గరున్న అమ్మాయి చేతులు జోడించి స్వాగతం చెప్తే, తనకేనా అని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. నడవలో జనం, సంచులు, ఎత్తిన చేతులు. ఖాళీగా ఉన్నప్పుడు ఎంతో పెద్దగా కనిపించే చోటు మనుషులతో నిండేసరికి ఇంత ఇరుకా అనిపించింది. పంతొమ్మిదో వరస దగ్గర ఎవరో పడేసిన బిస్కెట్ కాగితం కనిపిస్తే, ఆలోచన లేకుండానే చెయ్యి కిందికి వెళ్లి దాన్ని తీసేసింది.

ఇరవైమూడు దగ్గరికి వచ్చింది. ఏ సీట్లో ఒకాయన కూర్చుని ఉన్నాడు.

కోటు వేసుకున్న మనిషి, యాభై దాటి ఉంటాయి. మెడకి దిండు, ఒళ్లో పుస్తకం, బెల్టు బిగించేసి ఉంది. కిటికీ తెర పూర్తిగా దించేసి ఉంది. ఆమె నోరు తెరిచేలోపే, ఆమె చేతిలోని కాగితం చూసి, తన ఖాళీ కాఫీ కప్పు అందించాడు.

"ఇది కూడా తీసుకెళ్లమ్మా."

ఆమె తీసుకుంది. అదే విచిత్రం. తీసుకుని, వెనక దాకా నడిచి, చెత్తబుట్ట తలుపు మోచేత్తో తోసి, కప్పూ కాగితమూ అందులో వేసి, అప్పుడు ఆగిపోయింది. ఏం చేస్తున్నాను నేను? చెవులు వేడెక్కాయి. పద్నాలుగేళ్లుగా ఎవరు ఏం అందిస్తే అది తీసుకుని, ఎవరికీ అడ్డం రాకుండా తప్పుకోవడమే ఆమె పని. ఆ అలవాటు కొత్త బట్టల్లో కూడా తన వెంట వచ్చేసిందన్నమాట. ఒకపక్క నవ్వొచ్చింది, ఇంకోపక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండూ మింగేసి వెనక్కి నడిచింది.

"సార్, ఇరవైమూడు ఏ నాదండీ."

ఆయన తలెత్తి చూశాడు. ఒక్క క్షణం అర్థం కాలేదు ఆయనకి. తర్వాత మొహం జేవురించింది. "అయ్యో, మీరు... క్షమించండి. నేనేమో..." అని ఆగి, గొంతు సర్దుకుని, "నాది బీ. పక్కదే. మీరు అందులో కూర్చోండి, ఏముందండీ, రెండు గంటలేగా" అన్నాడు.

నడవ పక్క సీట్లోని కాలేజీ అమ్మాయి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసింది. వెనక జనం ఆగిపోయారు. ఎవరో "త్వరగా కానివ్వండమ్మా" అన్నారు. ఆ మాటకి సుడిగాలి గబుక్కున బీలో కూర్చుండిపోయింది. జనానికి అడ్డం నిలబడటం ఆమెకి చేతకాని పని.

కూర్చుంది గాని కుదురు లేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, మూసి ఉన్న తెర వంక చూసింది. ఆ తెర వెనక రెండుసార్లు తుడిచిన అద్దం ఉంది. ఫోన్ మోగింది. చెల్లెలు.

"ఎక్కావా? కిటికీ లోంచి ఫొటో పంపు!"

సుడిగాలి ఫోన్ కట్టేసింది. ఆయన వైపు తిరిగింది.

"సార్, లేవండి. నేను ఇవ్వలేను."

"చూడమ్మా..."

"మీరే చూడండి సార్. నేను ఈ విమానాలు కడిగేదాన్ని. పద్నాలుగేళ్ల నుంచి ఈ కిటికీలు తుడుస్తున్నా. ఎన్నిసార్లు తుడిచినా అవతల సిమెంటే. మా చెల్లి ఇవాళ పెళ్లి పెట్టుకుని కూడా, నేను మేఘాలు చూడాలని ఈ సీటు కొనిచ్చింది. మీకు వేరే ఏం కావాలన్నా అడగండి, ఇస్తాను. ఇది మాత్రం ఇవ్వను."

ఆ గొంతు తనదేనా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. కాలేజీ అమ్మాయి లేచి నడవలో నిలబడింది, దారి ఇవ్వడానికి. ఆయన బెల్టు మీద చెయ్యి వేశాడు గాని విప్పలేదు. అప్పుడు గమనించింది సుడిగాలి, ఆ వేళ్లు వణుకుతున్నాయి.

"నాకు విమానమంటే భయమండీ" అన్నాడాయన, పక్కవాళ్లకి వినపడకుండా. "ఉద్యోగం కోసం నెలకి రెండుసార్లు ఎక్కాలి. తెర దించేసి, గోడకి ఆనుకుని, కళ్లు మూసుకుంటే గాని కూర్చోలేను. ఇవాళ ఈ సీటు దొరకలేదు. ఎవరూ రాకపోతే బాగుండునని..."

సుడిగాలికి పొయ్యి మీంచి గిన్నె దించినట్టయింది. కోపం పోయింది. కానీ లేచి నిలబడింది.

"గోడే కావాలంటే పదో వరసలో ఏ సీటు తీసుకోండి సార్, ఈసారి నుంచి. అక్కడ కిటికీ పెట్టలేదు. మొత్తం గోడే."

"నిజంగానా?" ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదే!"

"తుడిచేవాళ్లని ఎవరడిగారు? ఇవాళ అందులో ఎవరో ఉన్నారు, వస్తూ చూశాను. ఇవాళ్టికి నా పక్కన కూర్చోండి. ఏ చప్పుడు వచ్చినా నేను చెప్తాను, అది ఏంటో."

ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి వచ్చి, "ఏమైనా ఇబ్బందా?" అని అడిగింది.

"ఏం లేదమ్మా, సార్ తన సీట్లోకి మారుతున్నారు" అంది సుడిగాలి.

ఆయన లేచాడు. దిండుతో, పుస్తకంతో, ఒక పెద్ద నిట్టూర్పుతో బీలోకి మారాడు. ఆమె లోపలికి జరిగి, ఊపిరి బిగపట్టి తెర పైకి తోసింది. అద్దం తళతళలాడుతోంది. ఒక్క మరక లేదు.

విమానం కదిలింది. కింద నుంచి కుక్క మొరిగినట్టు చప్పుడొచ్చింది. ఆయన చేతులు బిగుసుకున్నాయి.

"అది పంపు సార్. రోజూ అరుస్తుంది, కరవదు."

ఇంకో ఊళ.

"అవి రెక్కల వెనక అంచున ఉండే పలకలు. సాగుతున్నాయి."

మలుపు తిరిగి రన్‌వే మీద నిలబడింది. ఇంజన్లు గర్జించాయి. వీపు సీటుకి అతుక్కుపోయింది. సామాన్ల బండ్లూ గోదాములూ, తాను రోజూ టీ తాగే రేకుల షెడ్డూ గీతల్లా వెనక్కి పరిగెత్తాయి. ఉన్నట్టుండి కింద కుదుపులు ఆగిపోయాయి. నేల వదిలేసింది! అంతలో కాళ్ల కింద ధన్ మని మోత. సుడిగాలి ఎగిరిపడి ఆయన మోచెయ్యి పట్టేసుకుంది.

"ఇదేంటండీ?" అన్నాడాయన, కళ్లు గట్టిగా మూసుకుని.

"నాకేం తెలుసు సార్! నాకు తెలిసింది నేల మీదవరకే!"

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు ఎగిరిపడేలా నవ్వాడు. "చక్రాలండీ, చక్రాలు. లోపలికి మడుచుకున్నాయి. అది నాకు తెలుసు. భయపడకండి" అని ధైర్యం చెప్పాడు. చెప్పాక తానే ఆశ్చర్యపోయినట్టు ఆగిపోయాడు.

సుడిగాలి అప్పటికే అద్దానికి ముక్కు ఆనించేసింది. "అమ్మో! అమ్మో, చూడండి! రోడ్లన్నీ దారప్పోగుల్లా ఉన్నాయి. కార్లు కదులుతున్నాయి, చీమల్లా కూడా కాదు, ఆవగింజల్లా. మా వీధేదీ? నీళ్ల ట్యాంకు కనిపిస్తోంది, దాని పక్కదే మా వీధి! మేడ మీద ఎవరో దుప్పటి ఆరేశారు!"

"ఇంకా?" అన్నాడాయన, కళ్లు తెరవకుండానే.

"తెల్లగా వస్తోంది... వస్తోంది... మేఘంలోకి దూరాం సార్! ఏమీ కనపడట్లేదు. అబ్బ!"

విమానం మేఘాల మీదికి తేలింది. ఎండ. కనుచూపు మేరా తెల్లటి నేల, గుట్టలు గుట్టలుగా. ఎవరి అడుగూ పడలేదు దాని మీద. ఇన్నేళ్లూ తాను తుడిచిన అద్దాల అవతల రోజూ ఇదంతా ఉండేదన్నమాట. చెంపల మీద నీళ్లు కారుతున్నాయని ఆమెకి తెలియలేదు.

"ఏమైందండీ? ఏం కనిపిస్తోంది?" అని కంగారుగా అడిగాడాయన. జవాబు రాకపోయేసరికి ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది. కాలేజీ అమ్మాయి కూడా మెడ సాచింది. ముగ్గురూ ఆ చిన్న కిటికీలోంచి చాలాసేపు చూశారు.

"బాగుంది" అన్నాడాయన చివరికి. తర్వాత మళ్లీ కళ్లు మూసుకున్నాడు. "ఇవాళ్టికి చాలు. మిగతాది మీరు చెప్పండి."

ఆమె చెప్పింది. నది గురించి, నది మీద వంతెన గురించి, మేఘాల మీద పరిగెత్తుతున్న విమానం నీడ గురించి, ఆ నీడ చుట్టూ గుండ్రంగా కనిపించిన రంగుల గురించి. ఎయిర్‌హోస్టెస్ తెచ్చిన కాఫీ చల్లారిపోయినా చూసుకోలేదు. దిగేటప్పుడు ఆయన ఆమె సంచి కిందికి దించి ఇచ్చి, "మీ చెల్లెలిగారికి నా శుభాకాంక్షలు చెప్పండి" అన్నాడు. తన కప్పూ, ఆమె కప్పూ చేత్తో పట్టుకుని వెనక బుట్ట దాకా తానే నడిచి వెళ్లి వేసి వచ్చాడు.

బయట చెల్లెలూ, పెళ్లికొడుకూ, రైల్లో నడుం పట్టేసిన భర్తా వరసగా నిలబడి ఉన్నారు. "ఫోన్ కట్టేశావేంటే? ఎవరికైనా ఇచ్చేశావా సీటు?" అని చెల్లెలు ఒంటికాలి మీద లేచింది.

"ఇవ్వలేదు! అడిగితే కూడా ఇవ్వలేదు!" అని అరిచింది సుడిగాలి. చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూశారు. కార్లో మొదలుపెట్టిన కబుర్లు రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కేదాకా ఆగలేదు. కొత్త మరిది పాపం రెండుసార్లు ఏదో చెప్పబోయి, కళ్లజోడు సర్దుకుని ఊరుకున్నాడు. భర్త మాత్రం ప్రతి మాటకీ "ఎంత ఎత్తు?" అని అడిగి, ఆమె చెప్పగానే కారు తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాడు.

సాక్షి సంతకం కూడా ఆమె మాట్లాడుతూనే గబగబా పెట్టేయబోయింది. గుమస్తా "నెమ్మదిగా పెట్టండమ్మా, తొందరేం లేదు" అన్నాడు. ఆ రోజు తీసిన ఫొటో ఇప్పుడు సుడిగాలి వాళ్లింటి గోడ మీద ఉంది. చెల్లెలూ మరిదీ కెమెరా వంక చూసి నవ్వుతున్నారు. వాళ్ల పక్కన సుడిగాలి అరచెయ్యి వాల్చి, విమానం మలుపు ఎలా తిరిగిందో భర్తకి చూపిస్తోంది. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు.