నా కేసెట్ ఉత్తరం అడుగున పాడినవాడు

మొన్న జీపీ సర్జరీలో, అంటే ఇక్కడి పేట డాక్టరు క్లినిక్‌లో, మా వంతు కోసం కూర్చుని ఉంటే, ఎదుటి కుర్చీలో ఉన్న అమ్మాయి ఫోన్లోంచి ధుం, చక-ధుం-చక్ అంటూ ఆ స్పానిష్ దరువు సన్నగా మొదలైంది. అంతే, మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచి, "అదిగో, మీవాడు మళ్లీ గొంతు సవరించుకుంటున్నాడు" అంది. ఇప్పటి పిల్లలకి అది రెగ్గేటన్, పెళ్లిళ్లలో గెంతడానికి పనికొచ్చే పాట. మా ఇద్దరికీ మాత్రం అది ఒక మనిషి. నేను చెప్పేవాటిలో సగం తీసేసి వినడం మావాళ్లందరికీ అలవాటే గనక మీరూ అలాగే వినండి, కాకపోతే ఈ ఒక్క విషయంలో ఏ సగం తీసెయ్యాలో నాకే తెలియదు.

తొంభైల చివర షెఫీల్డ్‌లో ఒక ఆసుపత్రి క్వార్టర్స్‌లో ఉంటూ జూనియర్ డాక్టరుగా పనిచేసేవాణ్ణి. పెళ్లయి నాలుగు నెలలు, మా ఆవిడేమో వీసా కోసం నెల్లూరులో. ఫోన్ చేస్తే కుశలప్రశ్నలకే ఫోన్ కార్డులో డబ్బు అయిపోయేది, ఉత్తరం రాస్తే నా డాక్టరు రాత నాకే అర్థమయ్యేది కాదు, అందుకని మన కాలం వాళ్లందరికీ తెలిసిన ఉపాయమే, ఖాళీ కేసెట్లో అరగంట మాట్లాడి పోస్టు చేసేవాణ్ణి. ఆ ఖాళీ కేసెట్లు వంటగది కిటికీ గట్టు మీద, టేప్‌రికార్డరు పక్కన పడి ఉండేవి.

నాతో ఆ వంటగది పంచుకునే నర్సుది పనామా. నాకంటే పదేళ్లు పెద్దది, నేను అక్కా అని పిలిచేవాణ్ణి, ఆ మాటకి అర్థం చెప్పాక నన్ను నిజంగానే తమ్ముణ్ణి చేసేసుకుని, పప్పుచారు గిన్నె కడగకపోతే చెవి మెలిపెట్టేది. అక్కడి ఓడల కాలవ తవ్వడానికి జమైకా నుంచి వచ్చిన కూలీల మనవరాలట. ఆ తాతల ఊరి దరువుల మీద మనవలు స్పానిష్ మాటలు కట్టి సిటీ బస్సుల్లో వినిపించేవాళ్లట, తర్వాత ఆ పాట సముద్రం దాటి ప్యూర్టోరికో చేరితే, అక్కడ పేటల్లో కుర్రాళ్లు ఇళ్లలోనే మైకు పెట్టి కేసెట్లు నింపి చేతులు మార్చుకునేవాళ్లట, పోలీసులు అంగళ్ల మీద పడి వాటిని పట్టుకుపోయేవాళ్లట. దొంగసారా సంగతి నాకు తెలుసు గానీ దొంగపాట గురించి వినడం అదే మొదలు. అక్క సొంత తమ్ముడు కూడా ఆ పాటల వెంటే పోయి, ఒకే ఒక్క కేసెట్ నింపి అక్కకి పంపి, నెల తిరక్కుండా సముద్రంలో ఈతకి దిగి మరి పైకి రాలేదు. వంట చేసుకుంటూ అక్క వినేది ఆ కేసెట్టే. దాని మీద పేరూ ఊరూ ఏమీ రాసి ఉండేది కాదు.

ఖాళీదనుకుని నేను మా ఆవిడకి పంపే ఉత్తరం దాంట్లో నింపేశాను.

మర్నాడు అక్క డబ్బాలన్నీ దించి వెతుకుతుంటే నాకు సంగతి అర్థమైంది, కేసెట్ అప్పటికే పోస్టులో పడిపోయింది. నిజం నోటిదాకా వచ్చింది గానీ, నా అలవాటు దానికంటే ముందు బయటపడింది. ఎవరో టోస్టు మాడ్చి ఫైర్ అలారం మోగించి మమ్మల్నందర్నీ కార్ పార్కులో నిలబెట్టిన పూట, ఆఖర్న బయటికొచ్చింది నేనేననీ, వస్తూ చూస్తే వంటగదిలో ఎవరో పొడుగాటి సన్నటి మనిషి, టోపీ వెనక్కి తిప్పి పెట్టుకుని, కేసెట్ జేబులో వేసుకుంటున్నాడనీ చెప్పాను. కథకి కాస్త ఉప్పు తగలాలి కదా అని, మాటిమాటికీ గొంతు సవరించుకుంటున్నాడని కూడా కలిపాను. అక్క చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. ఎడమ చేత్తో మెడ పట్టుకుని సవరించుకున్నాడా అని మెల్లిగా అడిగింది. ఏదో ఒకటి అనాలి గనక అవునన్నాను.

"వాడే" అంది.

ఆ రోజు నుంచీ డ్యూటీ లేని మధ్యాహ్నాలన్నీ అక్క ఆ వంటగదిలోనే గడిపింది. డ్యూటీల పట్టిక కూడా అందుకు తగ్గట్టే మార్పించుకుని, రెండు కప్పుల్లో కాఫీ పోసి, తలుపు ఓరగా తెరిచిపెట్టి, నేను కల్పించిన మనిషి కోసం ఎదురుచూసేది. నేను గిన్నె తీసుకోవడానికి వెళ్లినా ఆ ఎదుటి కుర్చీలో కూర్చోనిచ్చేది కాదు. నాకు పట్టపగలే ఆ కుర్చీ వైపు చూడాలంటే, చెప్పొద్దూ, భయం వేసేది.

కొన్ని వారాలకి మా ఆవిడ జవాబు కేసెట్ వచ్చింది. బాగోగులన్నీ అయ్యాక, "ఏమండీ, మీ వెనకాల పాడుతున్నాయన ఎవరండీ? మీరు ఆపినప్పుడల్లా గొంతు సవరించుకుంటున్నాడు. అత్తయ్యగారు కూడా విన్నారు, కావాలంటే అడగండి" అంది. పాత టేప్‌రికార్డరు సరిగ్గా చెరిపి ఉండదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. మరి ఆ గొంతు సవరింపు నా నోటికి ముందే ఎలా వచ్చిందో మాత్రం చెప్పుకోలేకపోయాను.

అప్పుడు వెళ్లి అక్కకి అంతా ఒప్పేసుకున్నాను. తిట్టలేదు, కేసెట్ తెప్పించమంది. అది వచ్చాక ఆ వంటగదిలోనే పెట్టాం. నాకు వినపడింది నేను ఒక్కణ్ణే, షెఫీల్డ్ చలి గురించీ, మాడిపోయిన పప్పు గురించీ, నీ జడ గుర్తొస్తోందనీ ఆపకుండా వాగుతున్న నేను. అక్క మాత్రం కళ్లు మూసుకుని బల్ల మీద వేళ్లతో ధుం, చక-ధుం-చక్ వేస్తూ, నా గొంతు లేచినప్పుడల్లా ఈగని తోలినట్టు విసుగ్గా చెయ్యి ఊపింది. అంతా అయ్యాక, "నువ్వు కాస్త తక్కువ మాట్లాడి ఉండాల్సింది, తమ్ముడూ" అని మాత్రం అని, రెండో కప్పు కడిగి లోపల పెట్టేసింది. తర్వాత గ్లాస్గోలో ఉద్యోగం వచ్చి, నా ప్రేమలేఖతో సహా ఆ కేసెట్ పట్టుకుని వెళ్లిపోయింది.

మరి కొన్నేళ్లకి, పోలీసులు వెంటబడి పట్టుకున్న ఆ పాటే రేడియోలోకీ, టేక్‌అవే తిండి కొట్లలోకీ, బస్సు పై అంతస్తులో పిల్లల ఫోన్లలోకీ దర్జాగా వచ్చేసింది. ఎవరు పాడినా అడుగున అదే దరువు, ఆ దరువు అడుగున ఆయన ఉన్నాడంటుంది మా ఆవిడ. నాకు ఒక్కసారీ వినపడలేదు. నాకు వినపడేది వేరే, ఇన్నేళ్లుగా ఆమెకి కూడా చెప్పలేదు: చాలా లోపల, నీళ్ల కిందనుంచి వచ్చినట్టు, ఇరవై తొమ్మిదేళ్ల కుర్రాడొకడు జడ గురించి మాట్లాడుతుంటాడు. ఇప్పుడు మేమిద్దరం ఒకే ఇంట్లో, ఆమె మేడ మీదా నేను కిందా కూర్చుని, పాలు అయిపోయాయని ఫోన్లో మెసేజీలు పెట్టుకుంటాం. అవి క్షణంలో చేరతాయి, వాటిలో ఎవరి గొంతూ ఉండదు. ఇంకొక మనిషి గొంతు చెరిపేసి మరీ నింపిన అన్ని మాటలు ఆ కుర్రాడికి ఎక్కడినుంచి వచ్చేవో, ఎంత ఆలోచించినా నాకు గుర్తు రావడం లేదు.