వసుంధర ఆంటీ నాకు ఇవ్వని పిస్తోలు

ఈ ఆదివారం మధ్యాహ్నం పెరుగన్నం కలుపుతుంటే వేళ్ళ నుంచి నూనె వాసన వచ్చింది. పిస్తోలు తుడిచే నూనె. షూటింగ్ రేంజిలో సబ్బుతో రుద్ది కడుక్కున్నా, వుడ్‌ల్యాండ్స్‌లోని మా ఇంటి దాకా రైల్లో వచ్చినా అది నన్ను వదల్లేదు. "సబ్బుకు లొంగదే అది, నిమ్మచెక్క రుద్దు" అనేవారు వసుంధర ఆంటీ. ఫ్రిజ్‌లో నిమ్మకాయ ఉంది, కానీ లేవబుద్ధి కాలేదు. ఆ వాసనతోనే తినేశాను. మా ఆయన ముక్కు చిట్లించాడు గానీ అలవాటైన మనిషి కాబట్టి తన కంచం కాస్త దూరం జరుపుకున్నాడంతే.

ఆవిడను మొదట్లో నేను మేడం అనేదాన్ని. రాఫెల్స్ ప్లేస్‌లోని ఒక బ్యాంకులో నా పై అధికారి. సింగపూర్ వచ్చి ఎన్నేళ్ళయినా గొంతులో తెనాలి చెక్కుచెదరని మనిషి. కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన నేను మీటింగుల్లో ఎవరేం అడిగినా సగం విని జవాబు చెప్పేసి నాలుక కరుచుకునేదాన్ని. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "తెలివుంది సరితా నీకు, నిలకడే లేదు. ఆదివారం నాతో రా" అన్నారు. యోగా క్లాసో భజనో అనుకుని వెళ్తే అది షూటింగ్ క్లబ్బు. ఆఫీసులో గంజి పెట్టిన చీరల్లో కనిపించే మేడం అక్కడ టీషర్టు వేసుకుని, పేలుడు మోత వినపడకుండా చెవులకు పెద్ద డొప్పలు తగిలించుకుని, ఒంటిచేత్తో పిస్తోలు ఎత్తి, దూరాన ఉన్న కాగితంలోని నల్లటి చక్రంలో చిల్లు పక్కన చిల్లు పెడుతుంటే నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఆవిడ మీద నాకు భక్తి కుదిరింది ఆ రోజే. మేడం ఆంటీ అయింది కూడా ఆ రోజే.

ఈ దేశంలో తుపాకీ ఇంటికి రాదు. లైసెన్సు మన పేరున ఉన్నా అది క్లబ్బు వారి ఇనప గదిలోనే ఉంటుంది. అందుకే మొదటి దసరాకి నేను బ్యాగులో కుంకుమ భరిణె పెట్టుకుని రేంజికి వెళ్ళాను. ఆయుధపూజ మానేస్తే ఎట్లా మరి! ఆంటీ భరిణె చూసి పగలబడి నవ్వారు. "ఆ పొడి ట్రిగ్గర్లో పడితే అమ్మవారే దిగొచ్చి బాగుచెయ్యాలి. మూసెయ్, మూసెయ్" అని నన్ను బెడోక్‌లోని తన ఫ్లాటుకు లాక్కెళ్ళారు. అక్కడ దేవుడి ముందు పీట మీద ఆవిడ చెవి డొప్పలు. వాటికి బొట్టు, ఒక బంతిపువ్వు. పిస్తోలు రాలేదు కాబట్టి పూజ వాటికి జరుగుతోంది. నేను నవ్వితే, "ఏం, ఇవి లేకుండా ఒక్క తూటా పేల్చు చూద్దాం" అన్నారు గంభీరంగా.

తర్వాత నాకూ సొంత పిస్తోలు కావాలనిపించింది. పాయింట్ టూ టూ అంటారే, అది. తూటా చిన్నది, ధర తక్కువ, చేతికి తగిలే దెబ్బ తక్కువ. గురి నేర్చుకునేవాళ్ళకు అదే సరైనది. నా కళ్ళు మాత్రం తళతళలాడే ఖరీదైన మోడళ్ళ మీదే ఉండేవి. ఆంటీ ఒప్పుకోలేదు. "డబ్బంతా పిస్తోలుకే పోస్తే తూటాలకేం మిగులుద్ది? కాల్చి కాల్చి నేర్చుకోవాలి గానీ చూసి మురిసిపోతే గురి వచ్చుద్దా? ఒకరు వాడిందైనా పర్లేదు. ట్రిగ్గర్ నొక్కితే మెత్తగా కదలాలి, విడిభాగాలు ఈ ఊళ్ళో దొరకాలి. అన్నిటికన్నా ముందు నీ చెయ్యి ఒప్పుకోవాలి." చెయ్యి ఒప్పుకుందో లేదో చూడ్డానికి ఆవిడకో పద్ధతి ఉండేది. ఖాళీ పిస్తోలు, మూతి కాగితం వైపే. కళ్ళు మూసుకుని చెయ్యెత్తి, హాయిగా ఉన్నచోట ఆపి, అప్పుడు కళ్ళు తెరవాలి. గొట్టం కొసన గురి చూసే ముల్లు, వెనక వైపున్న గాడి నడుమ తనంతట తానే కూర్చుని ఉంటే ఆ పిస్తోలు మనది. లేకపోతే ఎంత మంచిదైనా మనది కాదు.

అలా వెతుకుతుండగానే ఆంటీ చెయ్యి వణకడం మొదలైంది. ఇది తగ్గేది కాదని డాక్టరు చెప్పాడు. ఆవిడ ఏడవలేదు, ఎవరినీ ఏడవనివ్వలేదు. పిస్తోలు అమ్మేస్తానన్నారు. నల్లటి పాత పిస్తోలు, చెక్క పిడి ఆవిడ చేతి కింద అరిగి నున్నబడింది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇక వెతకడం దేనికి, అదే కావాలన్నాను.

"కళ్ళు మూసుకో" అన్నారు. చెయ్యెత్తి తెరిచాను. ముల్లు గాడికి ఎడమ పక్కకు పోయి ఉంది. చటుక్కున మణికట్టు తిప్పాను.

"సర్దావ్."

"గింతే ఆంటీ."

"ఎంతైనా సర్దావ్. నీది చిన్న చెయ్యి, ట్రిగ్గర్ దాకా వేలు అందట్లా. రోజూ దాంతో కుస్తీ పడతావా?"

"నాకిస్తే ఏమైతది ఆంటీ? మీ గుర్తుగ ఉంటది."

"గుర్తుకి ఫోటో తీసుకో" అని పిస్తోలు నా చేతిలోంచి తీసేసుకున్నారు.

చివరికి అది ఎవరికి దక్కింది? లిమ్ అంకుల్‌కి! క్లబ్బులో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి, ఇది నాదేనంటూ కాల్చడానికి మంచి లేన్ ముందే చోప్ చేసుకుంటాడని ఆంటీ ప్రతివారం పోట్లాడే ఆ లిమ్‌కి. ఆయన కళ్ళు మూసుకుని చెయ్యెత్తి, తెరిచి చూసుకుని, "వా మేడం, దిస్ వన్ మై హ్యాండ్ లా" అన్నాడు. ఆంటీ ముఖం వెలిగింది. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ ఫోన్ చేసినా ఎత్తలేదు.

మరుసటి ఆదివారం ఆవిడే రేంజికి వచ్చి నా వెనక కుర్చీలో కూర్చున్నారు. వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని, "నేనెక్కడికి పోతన్నానే? బెడోక్‌లోనేగా ఉండేది. దానికి పిస్తోలు దాచుకోవాలా?" అన్నారు. నా భయం అదేనని అప్పటిదాకా నాకే తెలియదు. అక్కడే ఏడ్చేశాను. ఆవిడ నన్ను ఏడవనిచ్చి, తర్వాత క్లబ్బులో అమ్మకానికి ఉన్న ఒక పిస్తోలు తెప్పించారు. గీతలు పడింది, చవకది, పిడి సన్ననిది. కళ్ళు మూసుకున్నాను, ఎత్తాను, తెరిచాను.

"ఎక్కడుంది?"

"నడిమిట్ల ఉన్నది ఆంటీ."

"అయితే అదే."

ఇప్పటికీ నాది అదే. మీటింగులో ఎవరైనా ప్రశ్న వేస్తే ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటాను. దేవుణ్ణి తలుచుకుంటున్నానని మా టీం వాళ్ళ నమ్మకం.

మొన్న దసరాకి నా చెవి డొప్పలు తీసుకుని బెడోక్ వెళ్ళాను. ఆంటీ వాటిని తన డొప్పల పక్కన పీట మీద పెట్టి, కుంకుమ వేలికి అద్దుకుని బొట్టు పెట్టబోయారు. చెయ్యి వణికి బొట్టు బాగా పక్కకు పడింది. నేను తుడిచి మధ్యలో పెడదామని వంగాను.

"సర్దకు" అన్నారు.

సర్దలేదు. అది ఇవాళ కూడా ఎడమ డొప్ప మీద, ఒక మూలకు, అలాగే ఉంది.