నలుపు అంటే మబ్బు లేదని

బహ్రెయిన్‌లో నా చివరి పోస్టింగు అస్కర్. అక్కడి అల్యూమినియం కర్మాగారంలో మరమ్మతులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీకి నేను ఇన్‌స్ట్రుమెంట్ సూపర్‌వైజర్ని. ఈ సంగతి నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, దీపావళి దాటిన వారంలో ఒక శుక్రవారం జరిగింది.

ఇన్‌స్ట్రుమెంట్ సూపర్‌వైజరు ఫోర్‌మన్‌కు పైన, ఇంజినీరుకు కింద ఉంటాడు. తప్పు జరిగితే ఇద్దరికీ అందేంత దూరంలో ఉంటాడన్నమాట. కొలిచే పరికరాలను కొలవడం మా పని. గేజి వంద చూపిస్తుంటే అది నిజంగా వందేనా అని పరీక్షించి, సరిచేసి, సంతకంతో చీటీ కడతాం. కొత్తగా చేరిన టెక్నీషియనుకు నేను చెప్పే మొదటి మాట, ముల్లు చూసే ముందు స్కేలు చూడమని. ఏ కొలతలో ఉందో తెలియని అంకె అంకె కాదు.

రెండో మాట లైవ్ జీరో గురించి. ట్యాంకు దగ్గరి పరికరం నుంచి కంట్రోల్ రూముకు సమాచారం సన్నటి కరెంటుగా వెళుతుంది. ట్యాంకు నిండితే ఇరవై మిల్లీ ఆంపియర్లు. ఖాళీ అయితే సున్నా కాదు, నాలుగు. ఖాళీ అని చెప్పడానికి కూడా కొంత కరెంటు పంపాలి. అసలేమీ రాకపోతే ట్యాంకు ఖాళీ అయిందని కాదు, తీగ తెగిందని అర్థం. లేదు అని చెప్పడం సమాచారం, అసలేమీ చెప్పకపోవడం వేరు. ఈ రెంటికీ తేడా తెలియక ఖాళీ ట్యాంకు మీద పంపు నడిపి కాల్చుకున్నవాళ్లను చూశాను.

నా కాపురం జింజ్ అనే పేటలో, ఒక భవనం పై అంతస్తులో. ఊళ్లో ఉన్నప్పటి నుంచీ రేడియో పిచ్చి ఉంది. ఇక్కడ దాన్ని వాతావరణ ఉపగ్రహాల బొమ్మలు పట్టడానికి వాడాను. సామాను పెద్దగా ఏమీ లేదు. డాబా మీద ఒక పొడవాటి గొట్టం, దాని కొసన రెక్కల్లా విప్పిన రెండు అల్యూమినియం కడ్డీలు, అక్కడి నుంచి గదిలోకి ఒక కేబులు, బొటనవేలంత రిసీవరు, పాత ల్యాప్‌టాప్. మనం ఏమీ పంపం, వచ్చేదాన్ని వింటాం, అంతే. భవనం యజమానిని అనుమతి అడిగితే, దీంట్లో ఫుట్‌బాల్ వస్తుందా అని అడిగాడు. రాదనగానే ఆసక్తి పోయి సరేనన్నాడు.

పాత అమెరికన్ ఉపగ్రహాలు కొన్ని అప్పటికింకా పనిచేస్తుండేవి. ఈమధ్యే వాటినీ రిటైర్ చేశారు. అవి ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తున ధ్రువం నుంచి ధ్రువానికి తిరుగుతూ, కింద కనిపించినదాన్ని కనిపించినట్టే ఒక శబ్దంగా మార్చి పంపేవి. గడియారం టిక్కుటిక్కుమన్నట్టుండే ఆ శబ్దాన్ని కంప్యూటరు మళ్లీ బొమ్మగా మార్చేది. గీత కింద గీతగా, పావుగంటకు ఒక బొమ్మ తయారయ్యేది. ఉపగ్రహం మనకు తూర్పుగా పోయినప్పుడు అరేబియా సముద్రం, గుజరాత్ తీరం చక్కగా వచ్చేవి. వాటి మీద కనిపించే దేశాల సరిహద్దు గీతలు మాత్రం కంప్యూటరు గీసినవి. ఆకాశంలోంచి చూస్తే అటువంటివేమీ లేవు.

డాబా మీద ఆ గొట్టం నిలబెట్టినవాడు అప్పలరాజు. శ్రీకాకుళం వైపు సముద్రపు ఊరివాడు, మా కంపెనీలోనే స్కాఫోల్డరు. ఎత్తైన పనులకు గొట్టాలతో పరంజా కట్టడం అతని డ్యూటీ. అతని తమ్ముడు సింహాచలం గుజరాత్‌లోని వెరావల్‌లో మరబోటు మీద కూలి. ఆ తీరం నుంచి చాలామంది అలా ఏటా అక్కడికి వెళ్లి, సీజనంతా చేపలు పట్టి తిరిగొస్తారు. ఒకసారి బొమ్మలో వెరావల్ చోటు చూపించాక, సెలవు దొరికిన ప్రతి శుక్రవారం అప్పలరాజు అస్కర్ క్యాంపు నుంచి నా గదికి రావడం మొదలుపెట్టాడు. తమ్ముడున్న సముద్రం చూసి వెళ్లేవాడు. బొమ్మలో ఒక చుక్క అంటే నాలుగు కిలోమీటర్లు, బోటు కనిపించదని చెప్పాను. "బోటెందుకండీ, నీళ్లు కనిపిత్తే సాల్దా?" అన్నాడు.

ఆ శుక్రవారం పొద్దున్నే వచ్చాడు. క్యాంపు వ్యాను నడిపే గౌస్ భాయ్, నిజామాబాద్ మనిషి, అతన్ని దింపి తనూ పైకొచ్చాడు. అరేబియా సముద్రంలో తుఫాను పుట్టిందని అప్పటికే వార్త. సముద్రంలోకి వెళ్లొద్దని వాతావరణ శాఖ చెప్పింది. బోటు యజమాని మాత్రం అది మస్కట్ వైపు పోతోందనీ, మర్నాడు తెల్లవారుజామున బోటు కదలాల్సిందేననీ అంటున్నాడట. సింహాచలం ఫోన్ చేసి, మీ సార్ గెడ ఏమంటోందో అడగమన్నాడు. డాబా మీది మా యాంటెన్నాకు వాళ్లింట్లో పేరు గెడ, అంటే పొడవాటి కర్ర.

ఉపగ్రహం వచ్చింది. బొమ్మ గీతగీతగా దిగుతోంది. పావుగంట పడుతుంది గదా అని నేను టీ పెట్టడానికి వెళ్లాను. మూడు గ్లాసులతో తిరిగొచ్చేసరికి అప్పలరాజు ఫోను జేబులో పెట్టుకుంటున్నాడు.

"సెప్పీసినాను సార్. ఎల్లొద్దని సెప్పీసినాను."

ఏం చూసి చెప్పావన్నాను.

"సూడండి మీరే. ఏరావల్ కాడ ఎంత నల్లగా కమ్మీసినాదో! ఆ దూరంగా ఉన్నది తెల్లమబ్బు, దాంతో పన్లేదు. ఇదండీ వాన."

తెర వైపు చూశాను. వెరావల్ ముందరి సముద్రమంతా కాటుక పూసినట్టు నల్లగా ఉంది. నైరుతి దిక్కున, చాలా దూరంలో, తెల్లటి సుడి.

మన తెలుగులో వాన నల్లమబ్బులో ఉంటుంది. కింద నిలబడి చూసేవాళ్లం కాబట్టి అలా అంటాం. పైనుంచి చూసేదానికి మబ్బు ఎంత దట్టంగా, ఎంత ఎత్తుగా ఉంటే అంత తెలుపు. నలుపు అంటే అక్కడ మబ్బే లేదని. ఖాళీ సముద్రం నల్లగా కనబడుతుంది. అప్పలరాజు నిర్మలమైన ఆకాశాన్ని చూసి తుఫాననీ, తుఫానును చూసి దూదిమబ్బనీ అనుకున్నాడు. అనుకుని, సరిగ్గా చెప్పవలసిన మాటే చెప్పాడు.

టీ గ్లాసులు ఇద్దరికీ అందించాను.

వయసులో ఉన్నప్పుడు నేను హేతువాద సంఘం వేదికల మీద వాదించినవాణ్ని. అవతలివాళ్ల ఆఖరి అస్త్రం ఎప్పుడూ ఒకటే. అబద్ధమే అనుకుందాం, దానివల్ల మేలు జరుగుతుంటే మీకేమిటి నొప్పి? బావిలో దయ్యముందంటే పిల్లలు బావి దగ్గరికి పోరు కదా? దానికి నా జవాబు సిద్ధంగా ఉండేది. దయ్యానికి భయపడి బావికి దూరంగా పెరిగిన పిల్లవాడు, దయ్యం లేదని తెలిసిన రోజున నేరుగా వెళ్లి బావిలో కాలు పెడతాడు. దయ్యం గురించి చెప్పినవాళ్లు వాడికి లోతు గురించి చెప్పలేదు. ఈ మాటకు చప్పట్లు పడేవి. అయితే ఆ సభల్లో ఎవరి తమ్ముడూ బావి గట్టు మీద నిలబడి లేడు.

ఇక్కడ ఉన్నాడు. నిజం చెబితే బోటెక్కవచ్చు. చెప్పకపోతే ఒడ్డున ఉంటాడు. నోరు మూసుకుంటే చాలు, నేను జీవితమంతా తిట్టిన సిద్ధాంతుల పని నా చేతుల మీదుగా సుఖంగా జరిగిపోతుంది.

అయినా లెక్క తేలింది. నలుపు అంటే ప్రమాదమని నమ్మినవాడికి తెలుపు అంటే క్షేమం. ఆ సుడి నిజంగానే వెరావల్ మీదికి వస్తే బొమ్మ అక్కడ తెల్లబడుతుంది. అది చూసి ఇదే అప్పలరాజు ఇదే ఫోనులో, ఇక బయల్దేరమని చెబుతాడు. మేలు చేసిన అబద్ధం అక్కడితో ఆగదు, మర్నాడు కూడా డ్యూటీకి వస్తుంది.

చెప్పాను. ఏది నలుపో, ఏది తెలుపో, ఎందుకో చెప్పాను.

అప్పలరాజు మొహం మాడిపోయింది. "ఇప్పుడెందుకు సెప్పినారు సార్? ఆడు ఆగిపోనాడు కదా!"

"తప్పు కారణానికి ఆగాడు."

"ఏ కారణానికైతే ఏటండి? నాను మల్లీ ఫోన్ సెయ్యను. మీ సైన్సు మీ కాడే ఉంచుకోండి."

గౌస్ భాయ్ టీ చప్పరిస్తూ మధ్యలోకి వచ్చాడు. "ఏంది రాజన్నా, సార్ మీద గరమైతవ్? రేపు గా తెల్లది మీదికొస్తె గప్పుడేం జెప్తవ్ నీ తమ్మునికి?"

అప్పలరాజు లేచి గుమ్మం దాకా వెళ్లాడు. కానీ వెళ్లిపోలేదు. సాయంత్రం మళ్లీ ఉపగ్రహం వస్తుంది, ఒక్క బొమ్మను బట్టి ఏమీ చెప్పకూడదు, రెండు ఉంటే అది కదిలిందో లేదో తెలుస్తుంది అన్నాను. మధ్యాహ్నం అన్నం వండి ముగ్గురం తిన్నాం. అతను కూర బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

సాయంత్రం ఉపగ్రహం దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది కాబట్టి బొమ్మ తలకిందులుగా వస్తుంది. దాన్ని తిప్పి, పొద్దుటి బొమ్మ పక్కన పెట్టాను. సుడి కొంత ఉత్తరానికి జరిగినట్టుంది. ఎంత జరిగిందో చెప్పలేను. నా కంప్యూటరు గడియారం కొద్దిగా తప్పినా కంప్యూటరు గీసిన తీరపు గీత పక్కకు పోతుంది. ఆ రోజు పోయింది కూడా. నా పరికరంలో తప్పు ఎంతో నాకు తెలుసు. తుఫాను కదలిక దానికంటే మరీ పెద్దదేమీ కాదు.

మళ్లీ ఫోన్ చెయ్యనన్న అప్పలరాజే తమ్ముడికి ఫోన్ చేసి, పొద్దుటి గొడవ చెప్పి, స్పీకరు పెట్టి నా ముందు ఉంచాడు.

"నమస్కారం సార్," అన్నాడు సింహాచలం. "నలుపని మా అన్న, తెలుపని మీరూ కొట్టుకున్నారంట కదా."

"నలుపు అంటే మబ్బు లేదని. మీ దగ్గర ఇప్పుడు మబ్బు లేదు."

"అది నాకూ కనిపిస్తన్నాదండి. రోజంతా ఎండే. దానికి బహరేన్‌లో గెడ పాతాలేటి?"

గౌస్ భాయ్ నవ్వాడు. తుఫాను వాళ్లకు నైరుతిలో ఉందనీ, పొద్దుటి నుంచి కొంచెం ఉత్తరానికి జరిగిందనీ చెప్పాను.

"ఇటొస్తాదా, రాదా?"

"నాకు తెలియదు."

"తెలీదా?"

"తెలియదు. వాతావరణ ఆఫీసు దగ్గర నాకంటే చాలా ఎక్కువ బొమ్మలున్నాయి. వాళ్లు వెళ్లొద్దన్నారు. నేను నీ చోట ఉంటే వాళ్ల మాట వింటాను. అంతకు మించి చెబితే అబద్ధం చెప్పినట్టే."

 సింహాచలం అన్నాడు: "ఓనరు మస్కట్ ఎల్లిపోద్దని సెప్పినాడు. తండేలు మనకేటీ కాదన్నాడు. మా అన్న కమ్మీసినాదన్నాడు. అందరికీ తెలిసిపోనాది, మీకొక్కరికే తెలీదు." ఫోను పెట్టేశాడు. తండేలంటే బోటుకు పెద్ద. సముద్రంలో అతని మాటే మాట.

అప్పలరాజు నన్ను చూసిన చూపు ఇక్కడ వర్ణించను.

మర్నాడు డ్యూటీలో, పరంజా కింద నిలబడి, తమ్ముడు పంపిన వాయిస్ మెసేజీ వినిపించాడు. సింహాచలం బోటెక్కలేదు. మరో ఇద్దరిని కూడా ఎక్కనివ్వలేదు. వల లాగడానికి మనుషులు చాలక బోటు కదల్లేదు. కారణం అతని మాటల్లోనే: "తెలిసినోల్లంతా తలో మాటా సెప్పినారన్నా. అంత గెడ ఏసుకుని, పైనుంచి సూసి కూడా తెలీదంటన్నాడంటే, నాకు బయమేసీసినాది."

తుఫాను వెరావల్‌కు రాలేదు. సముద్రంలోనే పడమటికి తిరిగి, తీరం చేరకముందే నీరసించింది. వెరావల్‌లో ఒకరోజు గట్టి గాలి వీచిందంతే. బోటు యజమాని ఆ ముగ్గురినీ తిట్టిపోశాడు. మా క్యాంపులో రెండు వాదాలు పుట్టాయి. సార్ మెషీను తప్పు చెప్పిందని కొందరు. సార్ మెషీనే తుఫానును ఆపిందని మరికొందరు. మొదటివాళ్లకు జవాబు చెప్పాను, రెండోవాళ్లకు ఇంకా గట్టిగా చెప్పాను. ఇద్దరూ వినలేదు. గౌస్ భాయ్ మాత్రం, "తుఫాను రాకపాయె సార్. ఇగ గా డండకు లుంగీలు ఆరేసుకుందామా?" అన్నాడు.

తుఫాను రాలేదు గనక సింహాచలం చేసింది తప్పనడం కుదరదు. నిర్ణయాన్ని, అది తీసుకున్న సాయంత్రం తెలిసినవాటితో తూచాలి. మర్నాడు తెలిసినవాటితో తూచేవాళ్లకు ఎప్పుడూ తూకం సరిపోతుంది, అందుకే వాళ్ల మాట పనికిరాదు.

అప్పలరాజు రెండు శుక్రవారాలు రాలేదు. మూడో శుక్రవారం వచ్చాడు. అప్పటికి నేను బొమ్మలకు రంగులద్దే కొత్త ప్రోగ్రాం ఒకటి పెట్టాను. తెర మీద ఎరుపూ ఆకుపచ్చా దిగుతున్నాయి. అతను కుర్చీ లాక్కుని కూర్చుని, తెర వైపు చూడకుండా నా వైపు చూశాడు.

"ముందు ఇది సెప్పండి సార్. దీన్లో ఎరుపంటే ఏటి?"

ముప్పై ఏళ్లపాటు టెక్నీషియన్లకు నేను నేర్పింది ఆ ప్రశ్నే. అది అడగనివాడికి ఎంత మంచి పరికరమిచ్చినా, అది అతని భయాన్నో ఆశనో చూపిస్తుంది. అడిగినవాడికి అది కొలత చూపిస్తుంది. కొలత అందనప్పుడు తెలియదని చెప్పాలి. ఏమీ చెప్పకపోతే అది తెగిన తీగ. తెలియదన్న మాట సున్నా కాదు, నాలుగు మిల్లీ ఆంపియర్లు.