సౌండు తగ్గించే మా అన్నయ్య

మా అన్నయ్యకు ఒకటే జబ్బు. సినిమా హాల్లో ఎవరైనా కునుకు తీస్తే చాలు, సౌండు తగ్గించేస్తాడు. తాగుడు లేదు, పేకాట లేదు, ఇదొక్కటే. కానీ సినిమా హాలు నడిపేవాడికి ఇంతకన్నా పెద్ద దుర్వ్యసనం ఉంటుందా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

ఆ చిన్న హాలు మా నాన్న కట్టింది. పైన మిషను గది అన్నయ్యది, కింద టిక్కెట్ల గది నాది. మిషను గది కిటికీలోంచి అన్నయ్య తెర వంక చూడడు, కుర్చీల వంక చూస్తాడు. ఎవరి తలైనా పక్కకు వాలిందా, ఆయన చెయ్యి మీట మీదికి పోతుంది. హీరో విలన్ గొంతు పట్టుకుని ఏదో భీకరంగా చెబుతుంటాడు, ఏం చెబుతున్నాడో దేవుడికెరుక. మెలకువగా ఉన్నవాళ్ళు వచ్చి నా ప్రాణం తోడేసేవారు. ఒకాయనైతే హంతకుడెవరో వినపడలేదని, చెప్పందే కదలనని మెట్ల మీద బైఠాయించాడు. నేను మాత్రం విన్నానా?

"వాళ్ళు కొన్నది సినిమా టిక్కెట్టు అన్నయ్యా" అని మొత్తుకున్నాను.

"పాపం, ఇప్పుడే పట్టిందే నిద్ర" అన్నాడు.

పైగా మర్యాదలు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మకు మెడ పట్టేసిందని మా ఇంట్లోంచి దిండు వెళ్ళింది. రాత్రిళ్ళు కాపలా కాసే వాచ్‌మన్ కాళ్ళు చాపుకోవాలని వంటింట్లో స్టూలు వెళ్ళింది. దర్జీకి ఫ్యాను గాలి పడదని నా శాలువా వెళ్ళింది. చివరికి ఇంట్లో నేను తలకింద చెయ్యి పెట్టుకుని పడుకునే రోజులొచ్చాయి.

ఇక ఆయన తెచ్చే సినిమాలు. ఎవరూ ముట్టనివన్నీ ఏరికోరి మరీ తెచ్చేవాడు. ఒకదాంట్లో ఇద్దరు ముసలివాళ్ళు పడవలో వెళ్తుంటారు. ఇంటర్వెల్ దాకా వెళ్తారు. తర్వాత తిరిగొస్తారు.

జనం పలచబడ్డారు. నాకు దిగులు పట్టుకుంది. హాలు పోతే మాకు మరో బతుకుతెరువు లేదు, అన్నయ్యకు సౌండు తగ్గించడం తప్ప మరో విద్య రాదు. అనుకున్నంతా అయింది. గోదాము కట్టుకుంటానన్నవాడికి హాలు అమ్మేశాం. నేను ఏడ్చాను. అన్నయ్య సంతకం పెట్టి, మధ్యాహ్నం ఆటకు వేళయిందని లేచి వెళ్ళిపోయాడు.

ఆఖరి రోజున, మాకు సినిమాలు ఇచ్చే ఏజెంటు నా దగ్గర సెలవు తీసుకోవడానికి వచ్చాడు. పాత కబుర్లు చెబుతూ నవ్వాడు.

"మీ అన్నయ్యగారి బేరమే వేరమ్మా. మా ఆఫీసులో బొమ్మ వేసి చూపిస్తే, ఏది చూస్తూ ఆయనకు నిద్ర పట్టిందో అదే తీసుకునేవారు. తుపాకులూ కేకలూ ఉంటే వద్దనేవారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆట మధ్యలో మిషను గదికి ఎక్కి, కావాలనే కొంప ముంచావా అని నిలదీశాను. అన్నయ్య నన్ను కిటికీ దగ్గరికి పిలిచి ఒక్కొక్కరినే చూపించాడు. నర్సమ్మకు ఇంట్లో కవలలట, పగలంతా ఒకరు కాకపోతే ఒకరు ఏడుస్తూనే ఉంటారట. వాచ్‌మన్ గదిలో ఒకటే మంచమట, పగలు దాని మీద మరొకడు పడుకుంటాడట. దర్జీ ఇంటికి అటూ ఇటూ రాత్రీ పగలూ రేకులు కొట్టే షెడ్లట.

"సినిమా ఎక్కడైనా చూడొచ్చే. వీళ్ళకి నిద్ర ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు.

నా కోపం పోలేదు. కానీ రేపటినుంచి వీళ్ళెక్కడికి పోతారా అని, మా సంగతి మరిచిపోయి బెంగపడ్డాను.

ఇంతలో కుర్చీలు ఊడదీయడానికి మేస్త్రీ, మనుషులూ గునపాలతో దిగారు. వెనకే వాళ్ళ లారీ డ్రైవరు. అన్నయ్య పరుగున వెళ్ళి తలుపుకు అడ్డం నిలబడి, లోపల పడుకున్నారు, ఆట అయ్యేదాకా ఆగమని చేతులు పట్టుకున్నాడు. మేస్త్రీ గట్టిగా అరవబోయి లోపలికి తొంగిచూశాడు. అంత లావు మనిషికీ గుసగుసే వచ్చింది, ఎంతసేపని. మనుషుల్ని తీసుకెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు.

ఆట అయింది. దీపాలు వెలిగాయి. అందరూ ఒక్కొక్కరే లేచారు గాని, బయటికి నడవడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు. దర్జీ నా శాలువా మడిచి నా చేతిలో పెట్టాడు.

మేస్త్రీ తన డ్రైవర్ని లేపబోయి, భుజం దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"రెండ్రాత్రులుగా బండి తోలుతూనే ఉన్నాడమ్మా" అన్నాడు నాతో. కాసేపు తల గోక్కున్నాడు. "లారీ చెడిపోయిందని మా యజమానికి చెప్తాను. నాలుగు రోజులు గడుస్తాయి. రేపు ఆట ఉంటుందా?"

అన్నయ్య నా వంక చూశాడు. నర్సమ్మ, వాచ్‌మన్, దర్జీ, అందరూ నా వంకే చూశారు.

"ఉంటుంది" అన్నాను. డ్రైవరు ఇంకా లేవలేదు కాబట్టి, మెల్లగానే అన్నాను.