అక్క చేతికొచ్చిన బావ బండి

అక్క అప్పటికే కుచ్చెళ్లు బొడ్లో దోపుకొని, బావ మోటారుబండి కార్బొరేటర్‌ను పెట్రోలు గిన్నెలో ముంచి పళ్లు తోమే బ్రష్‌తో రుద్దుతోంది. నేను ఫోన్ పట్టుకొని పక్కన నిలబడ్డాను. ఫోన్‌లో బావ ఉన్నాడు, గల్ఫ్‌లో వాళ్ల క్యాంపు గదిలో, మంచం మీద బాసింపట్టు వేసుకొని. అక్కడ కంపెనీ మూతపడి నెలలు గడిచాయి. జీతమూ లేదు, పాస్‌పోర్టూ చేతికి రాలేదు.

"పిల్లా, జర ఫోను కదపకు. నువ్వు పట్టుకుంటె మా ఇంట్ల భూకంపం వచ్చినట్టు కనవడుతుంది" అన్నాడు.

పెట్రోలు వాసనకు తల తిరుగుతోందని నేనంటే, ఆ వాసన తనకూ వస్తే బాగుండునన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అక్క తల ఎత్తకుండా, "ఇగ ఈ పిన్ను ఎటుదిక్కు పెట్టాలె, అది చెప్పు" అంది.

నేను సిరిసిల్లలో బట్టలు కుట్టే పనికి పోతాను. సెలవు దొరికితే కథలాపూర్ దిక్కున్న అక్క ఊరికి వచ్చేస్తాను. ఈసారి మాత్రం అక్కే రమ్మంది. వచ్చేటప్పుడు కోరుట్లలో దిగి కొత్త ప్లగ్గు, ఒక సీసా పెట్రోలు తెమ్మంది. అందులో సగం గిన్నెకే పోయింది, అది వేరే మాట.

ఆ బండిని బావ పెళ్లయిన కొత్తలో జగిత్యాలలో కొన్నాడు. అప్పుడాయన కోరుట్లలో ఒక మెకానిక్ షెడ్డులో పనిచేసేవాడు. వరద కాలువ కట్ట మీద అక్కకు నేర్పించింది కూడా ఆ బండి మీదే. గేరు తప్పు వేసిన ప్రతిసారీ ఇద్దరూ దెబ్బలాడుకునేవాళ్లట. తర్వాత వీసా వచ్చింది. బండిని వెనక అర్రలో చెక్కల మీద నిలబెట్టి, పాత చీర కప్పి, తను వచ్చేదాకా ఎవరూ ముట్టొద్దని చెప్పి పోయాడు. ఎవరూ ముట్టలేదు. సీటులో ఎలుకలు మాత్రం సంసారం పెట్టాయి.

ఇప్పుడెందుకు ముట్టాల్సి వచ్చిందంటే, ఊళ్లో పాలన్నీ పోగుచేసి పొద్దున్నే కోరుట్ల పాలకేంద్రానికి చేర్చే ఆయన కూడా వీసా దొరికి వెళ్లిపోయాడు. బీడీల పని సగానికి పడిపోయి, బావ డబ్బు పంపడమూ ఆగిపోవడంతో అక్క, ఆ సంగతి వినగానే కేంద్రం ఆయన దగ్గరికి పోయి ఆ పని తనకిమ్మంది. ఆయన ముందు నవ్వాడట. తర్వాత, రేపు పొద్దున టైముకు పాలు తెస్తే పని నీదే, లేకపోతే ఆటో ఆయనకు మాటిచ్చేస్తానన్నాడట. ఇల్లు నడవడం, బావను అక్కడి నుంచి ఇంటికి తెచ్చుకోవడం అన్నీ ఆ పని మీదే ఆనుకొని ఉన్నాయి. బండి ముడతానని అక్క చెప్పినప్పుడు బావ ఫోన్ పెట్టేశాడు. మళ్లీ తనే చేసి, "ముందుగాల టాంకిల పాత పెట్రోలు వంపు" అన్నాడు. అంతే, ఒప్పుకున్నట్టు.

పాత పెట్రోలు కషాయం రంగులో వచ్చింది. అయితే బండి మీది చీర తీసినప్పుడు మేం భయపడ్డంత లేదు. చిలుము లేదు. మడ్‌గార్డు కింద కూడా నున్నగా, జిడ్డుగా ఉంది. అదంతా మా అక్క అత్త పుణ్యం. మామ ఒకప్పుడు తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు. చెట్టు మీది నుంచి పడ్డాక అది మానేసి, మల్యాల దగ్గర ఒక మామిడితోటకు కావలి ఉంటున్నాడు. చెట్టెక్కేటప్పుడు నడుముకు వేసుకునే ఆయన మోకు అదే అర్రలో మేకుకు వేలాడుతోంది. అది బిరుసెక్కి పగలకుండా అత్త ఆముదం రాస్తూనే ఉంటుంది.

"అవ్వా, బండికి గూడ ఆముదం పెట్టినవా?" అని తల్లిని అడిగాడు బావ.

"మోకుకు రాసినంక చేతికి అంటింది ఊకెనే పోనియ్యాల్నారా? గా బండికి రాసిన" అంది అత్త.

ఏ షోరూమువాళ్లూ ఇంత బాగా చూసుకోరని బావ అంటే, అత్త కొంగు సర్దుకొని నా వైపు చూసింది, విన్నావా అన్నట్టు.

అన్నీ బిగించి అక్క కిక్కు కొట్టింది. ఎన్నిసార్లు కొట్టిందో. చీర చెమటకు తడిసిపోయింది. చివరికి బండి దగ్గి, నల్లటి పొగ వదిలి, అందుకుంది. నేను గంతులేశాను. ఫోన్‌లో బావ ఇంటి కప్పు చూసి ఉంటాడు. కొంచెంసేపు ఆడి ఆగిపోయింది. మళ్లీ కొడితే మళ్లీ అంతే. ప్లగ్గు తుడిచాం, కార్బొరేటర్ మళ్లీ విప్పాం. అదే వరస. పొద్దు వాలుతోంది.

బావ గొంతు మారిపోయింది. "గా బండిల పానం లేదే. ఎవరన్నా అడిగితె ఇచ్చెయ్. తప్పంత నాదే. నేను ఈడికి వచ్చుడే తప్పు."

"నీ సంగతి తర్వాత మాట్లాడుకుందం. ఇప్పుడైతె బండి సంగతి చెప్పు" అంది అక్క.

ఆ ఒక్క మాటకు నేను మా అక్క కాళ్లు మొక్కేదాన్ని, చేతిలో ఫోన్ లేకపోతే.

ఆమె పెట్రోలు పైపు ఊడబీకి గిన్నెలో పెట్టింది. ధార వచ్చింది, సన్నబడింది, ఆగింది. టాంకీ ఊపితే లోపల పెట్రోలు చప్పుడవుతోంది. అక్క మూత తెరిచింది. ధార మళ్లీ వచ్చింది. మూత పెడితే కాసేపటికి ఆగింది. ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని కూర్చుంది.

"అత్తా, నూనె డబ్బకు ఒక్కటే బొక్క కొడితె నూనె పడుతదా?"

"ఎట్ల పడుతదే? గాలికి ఇంకోటి కొట్టాలె."

అందరం మూత వైపు చూశాం. ప్రతి దసరాకు మోకుకు, గీత కత్తులకు పూజ చేసి, అదే చేత్తో అత్త బండి మూతకు బొట్టు పెట్టేది. ఆముదం చేతితో పెట్టిన పసుపు కుంకుమ ఏటికేడు గట్టిపడి మూత మీద పెచ్చులా పేరుకుంది. అంతకుముందు మూత తెరవడానికి మేం తాళంచెవి పట్టేంత మేర మాత్రమే రాల్చాం. గాలి పోయే సన్న బొక్క దాని కిందే ఉంటుందని బావ చెప్పాడు.

నేను గోటితో గీకబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకు పరదేశంల ఉన్నడు. వాని బండి బొట్టు గీకుతరా?"

ఇదంతా పిచ్చి నమ్మకమని అక్క అనలేదు. నేనైతే అనేసేదాన్ని. ఆమె పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసి అత్త ముందు పట్టింది.

"నువ్వు పెట్టిన బొట్టు నువ్వే సర్దు అత్తా. నేను ముట్ట."

అత్త పిన్నీసు తీసుకొని లోపలికి వెళ్లిపోయింది. కోపమొచ్చింది, ఇక అయిపోయినట్టే అనుకున్నాను. తిరిగి వచ్చినప్పుడు చేతిలో పసుపు కుంకుమల పళ్లెం ఉంది. హెడ్‌లైటు మీద అరచేతంత బొట్టు పెట్టింది. దండం పెట్టుకుంది. అప్పుడు వంగి, మూత మీద పిన్నీసు ఆనించి కొడుకును అడిగింది.

"గిక్కడేనారా?"

"ఇంక జర కిందికి, అవ్వా."

పెచ్చు ఊడింది. అక్క పైపు తగిలించి కిక్కు కొట్టింది. బండి అందుకుంది. ఈసారి ఆగుతుందేమోనని మేం ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. ఆగలేదు. అక్క ఇంజన్ ఆపకుండానే ఎక్కి, కట్ట దాకా పోయి, తిరిగి వచ్చింది. చప్పుడు విని వాకిట్లోకి వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్లు నోళ్లు మూసుకోవడం మరిచిపోయారు. ఫోన్‌ను సైలెన్సర్ దగ్గర పెట్టమని బావ అడిగాడు, పెట్టాను. అందుకని ఆయన ముఖం ఎలా ఉందో నాకు తెలియదు.

తెల్లవారి నేను సిరిసిల్ల బస్సు వదిలేశాను. రెండు పక్కలా పాల క్యాన్లు వేలాడుతుంటే అక్క వెనక కాళ్లు ముడుచుకొని కూర్చుని, మూత సరిగ్గా పట్టని క్యాన్‌ను దారంతా ఒక చేత్తో అదిమి పట్టుకున్నాను. ఎలుకలు కొరికిన సీటు మీద ప్రతి గుంతా తెలిసింది. కోరుట్లలో కేంద్రం ఆయన గడియారం చూసుకుంటూ బయట నిలబడి ఉన్నాడు. ఆయన చెప్పిన టైము ఇంకా దాటలేదు. అక్క ఇంకా బండి స్టాండు వేస్తుండగానే నేను ఆ క్యాన్ దించి, మోసుకెళ్లి, మూత తీసి ఆయన ముందు పెట్టాను.